చివరి ఇంటి వైరు

కిందటి వారం చిట్టిని మేడత్త డాబా మీద, తెగిన వైరు కొస చేత్తో పట్టుకుని ఉండగా వదిలి వచ్చాం. కుట్టుపిన్ని ఆన్‌లైన్ క్లాసు రోజూ ఎందుకు ఆగి ఆగి వస్తోందో తేల్చుకోవాలని సందులో డాబాలన్నీ ఎక్కి దిగి, చివరికి అక్కడికి చేరిందామె. తెగిన కొసకి నల్ల టేపు శుభ్రంగా చుట్టి ఉంది. టేపు చివర చిన్న మడత. రేపు విప్పేవాళ్ళు గోళ్ళు విరగ్గొట్టుకోకూడదని అలా మడత పెట్టే అలవాటు ఈ సందు మొత్తానికి ఒక్క ఇంటివాళ్ళకే ఉంది. ఆ ఇల్లు చిట్టిదే. ఆ ఇంట్లో వైరు పట్టుకునేవాళ్ళు ఇప్పుడు ఇద్దరే. ఒకరు తను. రెండో మనిషి అన్నయ్య.

తెగింది మామూలు వైరు అయితే చిట్టి అంత కదిలిపోయేది కాదు. అది తిరుగు వైరు. ఈ సందుకి నెట్ ఇచ్చేది చిట్టివాళ్ళ దుకాణమే. దుకాణంలో నెట్ పంచే పెట్టె నుంచి వైరు బయల్దేరి డాబా మీంచి డాబా మీదికి దూకుతూ సందు చివర కుట్టుపిన్ని ఇంటికి చేరుతుంది. అందరూ అక్కడితో ఆపుతారు. చిట్టివాళ్ళ నాన్న ఆపలేదు. ఆ చివరి ఇంటి నుంచి ఇంకో వైరు వెనక్కి లాక్కొచ్చి, దుకాణంలోని సొంత కంప్యూటర్‌కి దాన్నే తగిలించాడు. చేయి చాపితే అందే పెట్టెని వదిలేసి సందంతా చుట్టొచ్చిన నెట్టే తను వాడుకునేవాడు. చూసినవాళ్ళు నవ్వేవారు. "చెంబు పక్కనుంటే చెరువుకి పరిగెత్తినట్టుంది మీ యవ్వారం" అనేవారు.

"వడ్డించేవాళ్ళం మనం. మన కంచం చివర ఉండాలి. గిన్నె అడుగంటితే ముందు మనకే తెలియాలి" అనేవాడు నాన్న.

ఆయన పోయినా తిరుగు వైరు ఉందనే ఇన్నాళ్ళూ చిట్టి ధైర్యం. దుకాణంలో బాగా వస్తోందంటే చివరి ఇంట్లో కూడా బాగా వస్తోందని నమ్మకం. ఆ నమ్మకంతోనే కుట్టుపిన్ని ఫోన్ చేసినప్పుడల్లా "మా దగ్గర బాగానే ఉంది పిన్నీ, నీ ఫోనే పాతదైపోయిందేమో చూసుకో" అంటూ వచ్చింది. ఆ మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చి చెంపలు వేడెక్కాయి.

"ఏమే, అక్కడే వేళ్ళు పాతుకుంటావా?" అని మెట్ల మీంచి మేడత్త కేకేసింది. చిట్టి కొస కింద పెట్టి దిగిపోయింది.

దుకాణంలో అన్నయ్య నేల తుడుస్తున్నాడు. అన్నయ్య చీపురు పట్టాడంటేనే ఏదో మీదికొచ్చిందని అర్థం. వచ్చేది తనిఖీ అధికారిణి. కుట్టుపిన్ని టెలికాం నియంత్రణ సంస్థకి ఫిర్యాదు పెట్టింది. ఒకే వైరులో తన క్లాసు నత్తలా, పెద్ద కంపెనీవాళ్ళ కుట్టు క్లాసులు వెన్నలా వస్తున్నాయి, ఇదేం న్యాయం అని. ఆమె అడిగింది చట్టంలో ఉన్న మాటే. వైరులో ఎవరి సరుకు పోతున్నా ఒకే తీరున పోనివ్వాలి, ఒకరిని ముందుకు తోసి ఇంకొకరి కాలు పట్టి లాగకూడదు. అలా లాగినట్టు తేలితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే షట్టర్ దించుకోవడమే. తేలకపోతే కుట్టుపిన్ని కుట్టుమిషను మూసుకోవాలి. ఆమె క్లాసులో ఇప్పటికే సగం మంది మానేసి కంపెనీ క్లాసుల్లో చేరిపోయారు. మిగిలినవాళ్ళు కూడా ఆమె మీద జాలితో ఉన్నవాళ్ళే.

"అన్నయ్యా, తిరుగు వైరు ఎవరు కోశారు?"

చీపురు ఆగింది. మళ్ళీ కదిలింది. "ఏ వైరు?"

"నటించకు, నీకు చేతకాదు. చిన్నప్పుడు కూడా చాక్లెట్ బుగ్గన పెట్టుకుని 'నేను తినలేదు' అనేవాడివి."

"అది తిన్నది నువ్వు. తన్నులు నాకు."

"మాట మార్చకు."

అన్నయ్య చీపురు గోడకి ఆనించి కుర్చీ లాక్కున్నాడు. కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. "కాసేపట్లో ఆవిడ వస్తారు. ఈ కంప్యూటర్ చూస్తారు, బాగానే ఉందంటారు, పోతారు. నువ్వు లోపలికి వెళ్ళి కూర్చో. అమ్మ కూడా ఊళ్ళో లేదు, టీ పెట్టేవాళ్ళెవరూ లేరని చెప్తాను. తొందరగా లేస్తారు."

"అంటే నువ్వే కోశావు."

అన్నయ్య కుర్చీ వీపు మీది దుమ్ము వేలితో తుడిచాడు. చిట్టి కళ్ళు అతని వెనకున్న చెక్క గదుల మీదికి పోయాయి. ఒకప్పుడు అవి నెట్ సెంటర్ గదులు. మనిషి నిలబడితే తల కనబడేంత ఎత్తు చెక్క గోడలు, ముందు చిన్న పరదా. ఇప్పుడు వాటిలో వైరు చుట్టలు, పాత పెట్టెలు, విరిగిన నిచ్చెన మెట్లు ఉన్నాయి. ఒక గది గోడ మీద మాత్రం చిట్టి చిన్నప్పుడు గీసిన పిల్లి ఇంకా అలాగే ఉంది. మీసాలు ఒకవైపే. రెండోవైపు గీసేలోపు ఎవరో గిరాకీ వచ్చి లేపేశారు.

ఆ రోజుల్లో సందంతా ఇక్కడే ఉండేది. బయట బల్ల మీద వరసగా కూర్చునేవారు. లోపల మోడెం ఒకటి కీచుమని అరిచి, గొంతు సవరించుకుని, చివరికి ఏదో ఒప్పుకున్నట్టు మౌనమయ్యేది. ఆ మౌనం రాగానే బల్ల మీదివాళ్ళంతా "కలిసింది" అనేవారు, పెళ్ళి సంబంధం కుదిరినట్టు. మేడత్త చెల్లెలు తనకి కూతురు పుట్టిందని ఫోటో పంపిన రోజు చిట్టికి బాగా గుర్తు. ఫోటో పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. ముందు జుట్టు దిగింది. "జుట్టుంది" అంది మేడత్త. నుదురు దిగింది. "మా నాన్న నుదురే" అంది. కళ్ళు దిగేలోపు అమ్మ అందరికీ టీ పెట్టి తెచ్చింది. ముక్కు దగ్గర లైను తెగిపోయింది. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ జుట్టు, మళ్ళీ "మా నాన్న నుదురే". గడ్డం కనబడేసరికి వీధి దీపాలు వెలిగాయి. మేడత్త కళ్ళు తుడుచుకుంటూ "ఇంత పిల్లని చూడటానికి ఇంతసేపా, కన్నదానికి కూడా ఇంతసేపు పట్టి ఉండదు" అంది. బల్లంతా నవ్వింది.

నెమ్మది అప్పుడూ ఉంది. కానీ అందరికీ ఒకటే నెమ్మది. వీడియో షాపాయన ఒకసారి నాన్నని పక్కకి పిలిచి, "నా లైను కాస్త ముందు పెట్టు, నీ కష్టం ఉంచుకోను" అన్నాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యేసి "మొహమాటం నాకుందండీ, వైరుకి లేదు" అన్నాడు. ఆయన కోపం తెచ్చుకోబోయి నవ్వేసి, టీ తాగి వెళ్ళాడు.

ఆ తర్వాత వైర్లు డాబాలెక్కాయి. నాన్న నిచ్చెన మీద, కింద నిచ్చెన పట్టుకుని బాబాయ్. సొంత బాబాయ్ కాడు, నాన్న స్నేహితుడు. ఎప్పుడు చూసినా నిచ్చెన కింద కనబడతాడని పిల్లలంతా నిచ్చెన బాబాయ్ అనేవారు. చిట్టికి వైరు కొసకి పిన్ను వేయడం నేర్పింది ఆయనే. లోపలి ఎనిమిది రంగుల తీగల వరస పాటలా పాడించేవాడు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ... పక్కింటి పిల్లలు బళ్ళో పద్యాలు వల్లిస్తుంటే చిట్టి ఈ రంగుల్ని వల్లించేది. టేపు చివర మడత పెట్టమన్నదీ ఆయనే. "మన వెనకాల వచ్చేవాళ్ళు మనల్ని తిట్టుకోకూడదమ్మా" అనేవాడు.

నాన్న పోయాక బాబాయ్‌కి నిచ్చెన మీద మనసు లేకపోయింది. పెద్ద కంపెనీవాళ్ళు రమ్మంటే ఉద్యోగంలో చేరిపోయాడు. చిట్టి మొదట్లో అలిగింది. తర్వాత అనుకుంది, ఆ కంపెనీ లోపల మనవాడొకడు ఉండటం మంచిదేలే అని.

"చెప్పు అన్నయ్యా. పెట్టెలో చెయ్యి పెట్టి పిన్ని క్లాసుని నొక్కేసిందీ నువ్వేనా?"

"కాదు." ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "వైరు కోసింది నేను. పెట్టె జోలికి వెళ్ళింది నేను కాదు."

"మరెవరు? దెయ్యమా?"

అన్నయ్య మూల అరలో మెరుస్తున్న కొత్త పెట్టెని చూపించాడు. "మనకి నెట్ వచ్చేది కంపెనీవాళ్ళ దగ్గర్నుంచి. వాళ్ళు చెరువు, మనం పిల్లకాలువ. పాత పెట్టె తీసేసి వాళ్ళ పెట్టె పెట్టుకోమన్నారు. స్పీడు పెరుగుతుందంటే సరేనన్నాను. దీని తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఏ సరుకుని వదలాలో, దేన్ని నొక్కాలో అక్కడ కూర్చుని తిప్పుతారు. వాళ్ళ సినిమాలు, వాళ్ళ క్లాసులు గుర్రమెక్కి పోతాయి. మిగిలినవి నడిచి పోతాయి. నాకు తెలిసేసరికి అయిపోయింది. వెళ్ళి పోట్లాడాను చిట్టీ. 'లైను కావాలా, వద్దా?' అని ఒక్క ముక్క అడిగారు. నోరు మూసుకుని వచ్చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ పెట్టె మోసుకొచ్చి పెట్టిందెవరో చెప్పాల్సి వస్తుందని." అతను చెల్లెలి వైపు చూడలేదు. "నిచ్చెన బాబాయ్."

బయట వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అది అంటుకోవడం లేదు.

"ఆ పూట నువ్వు లేవు. అమ్మ టీ ఇచ్చింది. సగం తాగి పెట్టేశాడు. ఎప్పుడైనా వదిలాడా ఆయన అమ్మ చేతి టీ? గ్లాసు అడుగున పంచదార కూడా వేలితో తీసుకుని తినేవాడు. వెళ్తూ వెళ్తూ, 'ఒరే, ఇక మీదట దీన్ని తిప్పేది నా చేతులే. నన్ను తిట్టుకోండిరా' అన్నాడు."

"బాబాయ్ అలా చెయ్యడు."

"నేనూ అదే అనుకున్నాను."

"మరి వైరు ఎందుకు కోశావు? అధికారులొస్తే మోసం చేద్దామనా?"

"అధికారులొస్తారని అప్పుడు కలగన్నానా?" అన్నయ్య గొంతు పెరిగి, అంతలోనే తగ్గిపోయింది. "చూడలేక కోశాను. పొద్దున్నే వచ్చి నాన్న కుర్చీలో కూర్చుంటానా, ఎదురుగా తెర మీద ఆ చక్రం గిర్రున తిరుగుతూ ఉండేది. పిన్ని ఇంట్లో ఎలా వస్తోందో నాకిక్కడ కనబడేది. నాన్న అందుకే కదా పెట్టింది ఆ వైరు, కనబడాలనే కదా. కనబడింది. ఏం చెయ్యలేనప్పుడు చూస్తూ ఎలా కూర్చోను చెప్పు? ఒకరోజు పైకెళ్ళి కోసేశాను. నెట్ ఆ పెట్టెలోకి పోకముందే ఒక ముక్క వైరు లాగి కంప్యూటర్‌కి తగిలించుకున్నాను. అప్పట్నుంచి నా తెర బాగుంది."

"కోసేసి మడత కూడా పెట్టావు."

"అలవాటు," అన్నాడు అన్నయ్య. చిట్టికి కోపంలోనే నవ్వొచ్చింది. నవ్వుతోపాటు ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగేసింది.

అధికారిణి వచ్చేశారు. పెద్ద సంచి, గొడుగు, ముక్కు చివర కళ్ళజోడు. షట్టర్ కింద తల వంచి వస్తూ "ఈ షట్టర్ పొట్టివాళ్ళ కోసం పెట్టించారా ఏంటి?" అన్నారు. కుర్చీలో కూర్చోగానే చెప్పులు కొద్దిగా వదులు చేసుకున్నారు. చూడటానికి బంధువులింటికి వచ్చినావిడలా ఉన్నారు గానీ, కంప్యూటర్ మీద వేళ్ళు మాత్రం ఎక్కడా తడబడలేదు. కంపెనీ సినిమా ఒకటి తెరిచారు. వెంటనే వచ్చింది. ఎవరో ఊరూపేరూ లేని మనిషి వంట వీడియో తెరిచారు. అదీ వెంటనే వచ్చింది. కుట్టుపిన్ని పాత క్లాసు ఒకటి తెరిచారు. పిన్ని తెర మీద కత్తెర ఆడిస్తూ "గుడ్డ మీద జాలి పడితే జాకెట్టు రాదమ్మా" అంటోంది. మాట మాట స్పష్టంగా వినబడింది.

"అంతా ఒకలాగే ఉందే," అన్నారామె. అన్నయ్య మొహంలోకి కాస్త రక్తం వచ్చింది. ఆమె పెన్ను మూత తీశారు. తీసి, రాయకుండా, కంప్యూటర్ వెనక్కి వంగి చూశారు. "ఈ వైరు ఎక్కడి నుంచి వస్తోందండీ?"

అన్నయ్య చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల తిప్పి చిట్టిని చూశారు.

ఒక్క అబద్ధం చాలు. 'చివరి ఇంటి నుంచే మేడమ్' అంటే చాలు. నాన్న పెట్టిన దుకాణం నిలబడుతుంది. అన్నయ్య నిలబడతాడు. బాబాయ్ ఉద్యోగం నిలబడుతుంది. పోయేది పిన్ని ఒక్కతే. ఆమెకి సందు చివర ఇల్లు దొరకడమే తప్పన్నట్టు, ఎప్పుడూ చివర ఉండేవాళ్ళే పోతారు. అక్కడిదాకా వైరు మోసుకెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి మోసుకొచ్చిన మనిషి ఎండలో నల్లబడ్డ మెడ చిట్టి కళ్ళముందు కదిలింది.

"ఇది అసలు వైరు కాదు మేడమ్," అంది చిట్టి. "అసలుది చూపిస్తాను. మేడ ఎక్కాలి. మీకు మోకాళ్ళ నొప్పులేమైనా..."

"ఉన్నాయి. పదమ్మా," అన్నారు ఆమె పెన్ను మూత పెట్టి.

అన్నయ్య ఆపుతాడనుకుంది. ఆపలేదు. పిన్నులు నొక్కే పట్టకారు అరలోంచి తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు.

డాబా మీద మేడత్త బట్టలు ఆరేస్తోంది. "ఇందాక ఒక్కదానివే వచ్చావు, ఇప్పుడు పెద్దవాళ్ళని వెంటబెట్టుకొచ్చావా? నా డాబా ఏమన్నా ఎగ్జిబిషనా?" అంటూనే అధికారిణి ఆయాసం చూసి స్టూలు తెచ్చి వేసింది. "కూర్చో తల్లీ. ఈ మెట్లు కట్టినవాడు ఎక్కలేకే ఊరొదిలి పోయాడు."

చిట్టి టేపు మడత పట్టుకుని లాగింది. సుతారంగా ఊడొచ్చింది. రెండు కొసలూ చెక్కి, రంగులు విడదీసి, పెదాల మీదే పాట పాడుకుంటూ పిన్నులు వేసింది. మధ్యలో చిన్న జాయింటు పెట్టి కలిపింది. అధికారిణి స్టూలు మీంచి ఆ వైరు పోయే దారి చూస్తున్నారు. అది డాబా గోడల మీంచి, నీళ్ళ ట్యాంకుల పక్కనుంచి, ఎవరిదో గాలిపటం తోక చుట్టుకుని, సందు చివరిదాకా పోయి మళ్ళీ తిరిగి వస్తోంది.

"ఇంత వైరు తిరిగి రావడానికా?" అన్నారు ఆమె.

"మా నాన్న అలవాటు మేడమ్."

"ఈ ఉద్యోగంలో చాలా ఏళ్ళుగా దుకాణాలు చూస్తున్నాను. అందరూ తమ కంప్యూటర్ పెట్టె పక్కనే పెట్టుకుంటారు. మా పరీక్షలన్నీ అక్కడే చేస్తాం, బాగుందని రాసేస్తాం." ఆమె నెమ్మదిగా లేచారు. "మీ నాన్నగారు ఉండి ఉంటే ఒకసారి మాట్లాడేదాన్ని."

"మాట్లాడేదానివి కాదు, వినేదానివి," అంది మేడత్త. "ఎదుటివాళ్ళని మాట్లాడనిచ్చేవాడా మహానుభావుడు!"

కిందికి దిగి, చిట్టి పొట్టి వైరు పీకేసి తిరుగు వైరు తగిలించింది. కంపెనీ సినిమా గుర్రమెక్కి వచ్చింది. కుట్టుపిన్ని పొద్దుటి క్లాసు అప్పుడే మొదలైంది. తెరిస్తే చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఒక చెయ్యి వచ్చింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. తర్వాత సగం మాట వచ్చింది. "అమ్మా, వినబడు..." మళ్ళీ చక్రం. మూలన చిన్న చిన్న గళ్ళలో ఆడవాళ్ళ మొహాలు, ఒకరు జుట్టు సర్దుకుంటూ, ఒకరు ఆవలిస్తూ, ఉన్నవాళ్ళు ఉన్నట్టే బిగుసుకుపోయారు. చూస్తుండగానే ఒక గడి ఖాళీ అయింది.

ఫోటోలు గీత గీతగా దిగిన రోజుల్లో కూడా ఈ తెర ముందు ఎవరూ ఇంత ఒంటరిగా కూర్చోలేదు అనిపించింది చిట్టికి. అప్పుడు ఆగితే అందరం కలిసి ఆగేవాళ్ళం.

అన్నయ్య ఈసారి కళ్ళు తిప్పుకోలేదు. అధికారిణి రాస్తున్నారు. రాస్తూనే అడిగారు. "దీన్ని తిప్పేది ఎవరు?"

"కంపెనీ మేడమ్," అన్నాడు అన్నయ్య.

"కంపెనీకి చేతులుండవు. మనిషి ఎవరు?"

అన్నాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే తెర మీద చక్రం మాయమైంది. కుట్టుపిన్ని చెయ్యి కిందికి దిగింది. "...తోందా? హమ్మయ్య! ఇవాళేంటే ఇంత బాగా వస్తోంది!" అంటూ నవ్వింది. గళ్ళలో ఆడవాళ్ళంతా ఒక్కసారి ప్రాణం వచ్చినట్టు కదిలారు, చేతులూపారు. మాటకి మాట అతుక్కుని వస్తోంది.

ఇన్నాళ్ళూ కావాలనుకున్నది అదే. అయినా చిట్టి పెట్టె వైపు తిరిగి చూసింది. ఇక్కడ ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఎక్కడో కూర్చున్నవాళ్ళు వదిలేశారు. అంటే ఇక్కడ చూస్తున్నారని వాళ్ళకి తెలుసు.

అధికారిణి పెన్ను ఆపారు. "ఇందాక నేను చూసింది ఇప్పుడు లేదు. నేను రాసింది ఒక్కటే మిగిలింది. రేపు కంపెనీ లాయరు వచ్చి నా కళ్ళజోడు మార్చుకోమంటాడు."

చిట్టి చేతిలో ఫోన్ మోగింది. పేరు చూసి స్పీకర్ నొక్కింది.

"చిట్టీ, తిరుగు వైరు కలిపావు కదూ? నాకిక్కడ కనబడింది." చాలా రోజుల తర్వాత వింటున్న గొంతు. నిచ్చెన కింద నుంచి 'పట్టుకున్నా, ఎక్కు' అని అరిచిన గొంతే, కానీ ఇప్పుడు ఎవరూ వినకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. "విను తల్లీ. వదిలింది నేను కాదు, పైవాళ్ళు. తనిఖీ సంగతి వాళ్ళకి తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఏం నొక్కారో, ఎప్పుడు నొక్కారో ఆ కొత్త పెట్టెకి అంతా గుర్తుంటుంది. నా చేతుల మీదుగా జరిగిందంతా దాన్లో ఉంది. నేను బయల్దేరాను. నేను వచ్చేదాకా ఆ పెట్టె ఎవరికీ ఇవ్వకు."

"నీ పేరు కూడా దాన్లో ఉంటుంది కదా బాబాయ్?"

"ఉండనీ," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"నిజంగా కాపాడటానికే వస్తున్నాడా, దాన్ని చేజిక్కించుకోవడానికి వస్తున్నాడా?" అన్నాడు అన్నయ్య మెల్లగా. చిట్టి వెళ్ళి పెట్టె ఉన్న అర ముందు నిలబడింది.

"పెట్టె ఎవరిది?" అని అడిగారు అధికారిణి.

"కంపెనీదే మేడమ్."

"అయితే సీలు వేయడానికి నాకు పైనుంచి ఆర్డరు రావాలి. అడుగుతున్నాను, కానీ ఎంతసేపు పడుతుందో తెలియదు." ఆమె సంచిలోంచి ఫోన్ తీస్తూ చిట్టి కళ్ళలోకి చూశారు. "ఈలోపు వాళ్ళు తీసుకుపోతానంటే ఆపే అధికారం నాకు లేదమ్మా. ఇవ్వమని చెప్పే అవసరమూ నాకు లేదు."

వీధిలో వ్యాను ఆగింది. షట్టర్ కింద నుంచి ముందు రెండు జతల బూట్లు కనబడ్డాయి. తర్వాత కంపెనీ రంగు చొక్కాలు లోపలికి వంగాయి. ముందున్నవాడు చాలా మర్యాదగా నవ్వాడు. "నమస్తే అండీ. మీ పెట్టె పాతబడింది, కొత్తది తెచ్చాం. రెండు నిమిషాల్లో మార్చేసి పోతాం."

"పెట్టి మూణ్ణెల్లు కూడా కాలేదు," అంది చిట్టి.

"మా సరుకు కదండీ, మా ఇష్టం. ఓనరు గారెవరు?"

ఈ దుకాణంలో ఆ మాట ఎవరడిగినా ఇన్నాళ్ళూ అన్నయ్యే ముందుకొచ్చేవాడు. ఇప్పుడూ ఒక అడుగు ముందుకు వేశాడు. వేసి, పక్కకి తప్పుకుని, అరకీ ఆ మనుషులకీ మధ్య నిలబడ్డ చెల్లెల్ని చూపించాడు.

"నేను కాదు," అన్నాడు. "మా చెల్లిని అడగండి."

అందరి కళ్ళూ చిట్టి మీదికి తిరిగాయి. ఆమె అరచెయ్యి వెనక్కి పోయి పెట్టె మీద ఆనింది. పెట్టె వేడిగా ఉంది, లోపల ఏదో సన్నగా తిరుగుతోంది. మిగతాది వచ్చే వారం.